విలీనం వేళ ఇంటి అప్పు ముందే తీర్చేయాలా?

ప్రశ్న: మా కంపెనీని పెద్ద సంస్థ ఒకటి కొనేసింది. అకౌంట్స్‌లో 11 ఏళ్ల సర్వీసు నాది. ఎవరి ఉద్యోగం ఉంటుందో ఎవరూ చెప్పడం లేదు, నిద్ర పట్టడం లేదు. జీతంలో 35 శాతం ఇంటి రుణం ఈఎంఐకి, 40 శాతం ఖర్చులకు పోతుంది. నాలుగు నెలలకు సరిపడా డబ్బు దాచాను. దాన్ని రుణానికి కట్టేయనా? ఏడాది ఆగితే బోనస్ ఇస్తామంటున్నారు, ఒప్పుకోనా?

జవాబు: కట్టకండి. కొంత అసలు తీర్చినా వచ్చే నెల ఈఎంఐ ఆగదు. చాలాసార్లు గడువే తగ్గుతుంది. రేపు ఉద్యోగం పోయి అదే డబ్బు మళ్లీ కావాలంటే, జీతం లేనివారికి అప్పు పుట్టడం కష్టం.

మీ భయం అకారణం కాదు. విలీనమయ్యాక అకౌంట్స్, హెచ్‌ఆర్ లాంటివి రెండేసి ఉంటాయి, కోత ముందు వాటికే. పైగా ఒకే పని చేసేవారంతా ఒకేసారి ఉద్యోగాల వేటలో పడతారు. అందుకే మామూలుగా చెప్పే ఆరు నెలల అత్యవసర నిధి మీకు చాలదు, ఎనిమిది నెలలది కావాలి.

జీతం 100 అనుకుంటే తప్పనిసరి ఖర్చు 75, ఎనిమిది నెలలకు 600. మీ దగ్గరున్నది 300. సిప్‌లు (ఫండ్లలో నెలనెలా పెట్టే పెట్టుబడులు) ఉంటే ఆపి, మిగిలే 25 మొత్తం దాచినా ఏడాది పడుతుంది. ఇంటి ఖర్చులో 5 తగ్గించండి: కావలసింది 560కి దిగుతుంది, నెలకు 30 దాచొచ్చు. తొమ్మిది నెలల్లో పూర్తవుతుంది.

బోనస్ కాగితం నిదానంగా చదవండి. ముందే ఇచ్చే బోనస్ అయితే, మధ్యలో మానేస్తే వెనక్కి కట్టాలనే షరతు ఉండొచ్చు. అదీ పన్ను కోయక ముందున్న మొత్తం అడగొచ్చు. గడువు తీరేదాకా దాన్ని ముట్టుకోకండి. కంపెనీయే మిమ్మల్ని తీసేస్తే బోనస్ దక్కుతుందని రాయించుకోండి.

అసలు చిక్కు సర్వీసుది. కొన్నది వాటాలే అయితే మీ యజమాని అదే సంస్థ, పాత ఒప్పందం సాగుతుంది. వ్యాపారాన్ని మాత్రమే కొని, రాజీనామా చేసి కొత్త ఆఫర్ లెటర్ తీసుకోమంటే జాగ్రత్త. పాత సర్వీసు కలుస్తుందన్న వాక్యం అందులో లేకపోతే పరిహారం లెక్కలో 11 ఏళ్లూ సున్నా కావచ్చు. నోటిమాటకు విలువ లేదు.

ఆఫీసు ఆరోగ్య బీమా మీదే ఆధారపడుతుంటే సొంత పాలసీ ఇప్పుడే తీసుకోండి. పాత జబ్బులకు బీమా వర్తించేదాకా వేచి ఉండే కాలం పాలసీ మొదలైన రోజు నుంచే లెక్కలోకి వస్తుంది. పే స్లిప్పులు, ఇంక్రిమెంట్ లెటర్లు, సెలవుల లెక్క మీ సొంత కంప్యూటర్‌లో దాచుకోండి. కంపెనీ ఫైళ్ల జోలికి మాత్రం పోవద్దు. తొలగింపు చెప్పిన రోజే ఆఫీసు మెయిల్ ఆగిపోవచ్చు.