స్టాన్‌ఫర్డ్ చెట్టు

ప్రశ్న: స్టాన్‌ఫర్డ్ మ్యాచుల్లో చెట్టు వేషంలో ఒకరు గంతులేస్తుంటారు. యూనివర్సిటీకి చెట్టు మస్కట్ (జట్టుకు గుర్తుగా నిలిచే వేషం) ఏమిటండీ?

జవాబు: అది యూనివర్సిటీ అధికారిక మస్కట్ కాదమ్మా, అక్కడి విద్యార్థుల సంగీత బ్యాండ్‌ది. 1972 దాకా స్టాన్‌ఫర్డ్ జట్లను 'ఇండియన్స్' అనేవారు, అంటే మనం కాదు, అమెరికా ఆదివాసులైన నేటివ్ అమెరికన్లు. తమ జాతిని వేషంగా చేసి ఆడించొద్దని నేటివ్ అమెరికన్ విద్యార్థులు అర్జీ పెడితే ఆ పేరు తీసేశారు. ధైర్యంగా అడిగిన ఆ పిల్లలంటే నాకెంతో గౌరవం. 1975లో బ్యాండ్ వాళ్లు సరదాగా తెచ్చిన చెట్టు జనానికి నచ్చి నిలిచిపోయింది. దీనికి మూలం స్టాన్‌ఫర్డ్ పక్కనున్న పాలో ఆల్టో నగరంలోని వెయ్యేళ్లు దాటిన రెడ్‌వుడ్ చెట్టు. యూనివర్సిటీ ముద్రలోనూ అదే ఉంటుంది. ఇక వేషమంటారా, చెట్టుగా ఎంపికైన విద్యార్థే ఏటా తన చేతులతో కొత్తది తయారు చేసుకోవాలి. అందుకే ఒక ఏడాది కళ్లు గుండ్రంగా, మరో ఏడాది నోరు వంకరగా కనిపిస్తాయి.