‘తినిపించింది’కి ఇంగ్లిష్‌లో ఏం రాస్తావు?

అమ్మాయీ,

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. స్పెల్లింగ్ తప్పు ఒక్కటీ లేదు, వాక్యాలు ధాటిగా ఉన్నాయి. 30 ఏళ్లు డిగ్రీ పిల్లలకు ఇంగ్లిష్ చెప్పినదాన్ని, ఊరికే మెచ్చుకోను. కానీ ఒక్కచోట ఆగిపోయాను. అమ్మమ్మ గురించి ‘షి మేడ్ మీ ఈట్ ఎవ్రీ నైట్’ అని రాశావు. డాబా మీద గోరుముద్దలు తినిపించిందన్నది నీ మనసులో మాట. చదివేవాళ్లకు మాత్రం, వద్దని ఏడుస్తున్నా నోట్లో కుక్కిన ముసలావిడ కనిపిస్తుంది. మా అమ్మ ఏ పిల్లకీ అలా పెట్టలేదు.

వ్యాకరణం సరిగానే ఉంది, క్రియ ఎంపికే తప్పింది. తెలుగులో ‘ఇంచు’ చేరిస్తే చాలు: చేయించాను, రాయించాను, కడిగించాను. బెదిరించామా, బతిమాలామా, డబ్బిచ్చి చేయించుకున్నామా అన్నది సందర్భాన్ని బట్టి తెలిసిపోతుంది. ఇంగ్లిష్‌లో ఆ తేడా క్రియలోనే ఉండాలి. గదమాయించి తమ్ముడిచేత బండి కడిగిస్తే ‘ఐ మేడ్ హిమ్ వాష్ ఇట్’. చాక్లెట్ ఆశపెట్టి ఒప్పిస్తే ‘ఐ గాట్ హిమ్ టు వాష్ ఇట్’. మెకానిక్‌కి పురమాయిస్తే ‘హ్యాడ్’. నేను కడుగుతానని వాడే మారాం చేస్తే, సరేనని వదిలేస్తే ‘లెట్’. ‘గాట్’ ఒక్కదాని వెంటే ‘టు’ వచ్చింది చూడు. ‘మేడ్’ కూడా పాసివ్‌లోకి వెళ్లగానే ‘వాజ్ మేడ్ టు వాష్’ అవుతుంది. అమ్మమ్మకైతే ఇవేవీ వద్దు, ‘ఫెడ్ మీ’ చాలు.

నీ మెయిల్‌లో ‘సజెస్ట్ మీ ఎ బుక్’ అని కూడా ఉంది. నాకు ఇవ్వు, నాకు చెప్పు, నాకు వివరించు, నాకు సూచించు... మన ‘నాకు’ అన్నిటికీ అతుకుతుంది. ఇంగ్లిష్‌లో ‘గివ్ మీ’, ‘టెల్ మీ’ కుదురుతాయి, ‘ఎక్స్‌ప్లెయిన్’, ‘సజెస్ట్’ మాత్రం ‘టు మీ’ అడుగుతాయి. లాటిన్ మూలం ఉన్న క్రియలు చాలావరకు ఇంతే. అలాగని దీన్నే నమ్ముకోకు. ‘ఆఫర్’, ‘ప్రామిస్’ లాటిన్ మూలానివే అయినా ‘ఆఫర్డ్ మీ’, ‘ప్రామిస్డ్ మీ’ అంటారు. ‘సే’ అచ్చ ఇంగ్లిష్ మాటే, అయినా ‘సే మీ’ అనరు.

అందుకే క్రియ పక్కన తెలుగు అర్థం ఒక్కటే రాసుకునే అలవాటు మానెయ్. ‘డిస్కస్ అంటే చర్చించు’ అని బట్టీ పట్టినవాళ్లే ‘డిస్కస్ అబౌట్’ అంటారు. ఎందుకంటే మన ‘చర్చించు’ ముందు ‘గురించి’ ఉంటుంది. నోట్‌బుక్‌లో పూర్తి వాక్యం రాసుకో. క్రియ తర్వాత మనిషి వచ్చాడా, ‘టు’ వచ్చిందా, ‘ఇంగ్’ వచ్చిందా చూసి ఎర్ర పెన్నుతో గీత గియ్యి.

ఈ ఇబ్బంది మనది మాత్రమే కాదు. జపాన్‌లో ఇంగ్లిష్ చెప్పిన ఏ.ఎస్. హార్న్‌బీ, ఆయన సహచరులు చేసిన నిఘంటువు 1942లో టోక్యోలో అచ్చయింది. ఏ క్రియను ఏ అమరికలో వాడాలో అందులో గుర్తులు పెట్టారు. నీ బల్ల మీదున్న ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ దాన్నుంచి వచ్చిందే. అర్థం చూసి మూసెయ్యకు, కింద ఉన్న ఉదాహరణ వాక్యాలు కూడా చదువు.

ఇప్పుడు నీ వ్యాసంలో క్రియలన్నీ చెరిపేసి పక్కన పెట్టు. రెండు రోజులాగి ఆ ఖాళీలు నింపు. ఎక్కడ చెయ్యి ఆగుతుందో అక్కడ డిక్షనరీ తియ్యి. తర్వాత నాకు పంపు, అమ్మమ్మ వాక్యం ముందు చూస్తాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ