లైనక్స్‌లో పెళ్లి వీడియోలు: బొమ్మ ఎందుకు రావడం లేదు?

ప్రశ్న: గుంటూరు బ్రాడీపేటలో మాకు చిన్న ఫొటో స్టూడియో ఉంది. కంప్యూటర్‌లో ఉబుంటు అనే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వేయించి, ఎడిటింగ్‌కు డావిన్చి రిజాల్వ్ ఉచిత వెర్షన్ పెట్టుకున్నాను. కెమెరాలో తీసిన ఎంపీ4 ఫైళ్లు వీఎల్‌సీలో చక్కగా ఆడుతున్నా, రిజాల్వ్‌లో మాత్రం బొమ్మ రావడం లేదు. కోడెక్‌లు (వీడియోను కుదించి, విప్పే సాఫ్ట్‌వేర్), ఫాంట్లు ఉండే ఉబుంటు రెస్ట్రిక్టెడ్ ఎక్స్‌ట్రాస్ ప్యాకేజీ వేయబోతే ఫాంట్ల లైసెన్సు తెర దగ్గరే ఆగిపోయింది. ఏం చేయమంటారు?
- ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఆ లైసెన్సు తెర మౌస్‌కు లొంగదు, ట్యాబ్ మీట నొక్కితే ‘ఓకే’ ఎరుపెక్కుతుంది, అప్పుడు ఎంటర్ నొక్కండి. అయితే ఆ ప్యాకేజీ పూర్తిగా ఎక్కినా మీ అసలు ఇబ్బంది తీరదు. మీ కెమెరా ఫైళ్లలో ఉన్నది బహుశా హెచ్.264 అనే పద్ధతిలో కుదించిన వీడియో. 2003లో వచ్చిన ఈ ప్రమాణం మీద పేటెంట్లు ఉన్నందున, లైనక్స్‌లో రిజాల్వ్ ఉచిత వెర్షన్ దానిని చదవదు. వీఎల్‌సీ ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత వీడియో సాఫ్ట్‌వేర్ లైబ్రరీలను వాడుకుంటుంది; రిజాల్వ్ తన సొంత డీకోడర్లనే (వీడియోను విప్పి చదివే భాగాలనే) నమ్ముకుంటుంది కనుక, మీరు సిస్టమ్‌లో ఎన్ని కోడెక్‌లు వేసినా దానికి పట్టదు.

ఫైళ్లను ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో డీఎన్ఎక్స్‌హెచ్‌ఆర్ (ఎడిటింగ్‌కు అనువైన ఫార్మాట్) వీడియోగా, పీసీఎం (కుదించని) ఆడియోగా మార్చి ఎంఓవీ ఫైలులో భద్రపరిస్తే రిజాల్వ్ తీసుకుంటుంది. కానీ హెచ్‌క్యూ నాణ్యతలో సెకనుకు 25 ఫ్రేముల ఫుల్ హెచ్‌డీ వీడియో గంటకు సుమారు 80 జీబీ అవుతుంది. పెళ్లికూతురిని చేయడం మొదలుకొని రిసెప్షన్ దాకా ఆరేడు గంటలు తీసే మీబోటివారికి, ఒక్క పెళ్లికే అర టీబీ డిస్కు కేటాయించవలసి వస్తుంది. డబ్బు చెల్లించి కొనే స్టూడియో వెర్షన్ హెచ్.264ను చదువుతుంది గాని, కొనే ముందు మీ కెమెరా ఆడియోకు మద్దతు ఉన్నదో లేదో తయారీదారు జాబితాలో చూసుకోవాలి.

రంగుల దిద్దుబాటులో రిజాల్వ్‌కు సాటి లేదన్నది నిజమే. అయినా మీ అవసరానికి కేడెన్‌లైవ్ అనే ఉచిత ఎడిటర్ మేలని నా అభిప్రాయం. అది ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఆధారంగానే నడుస్తుంది కనుక మీ ఎంపీ4లను నేరుగా తీసుకుంటుంది, తయారైన వీడియోను హెచ్.264లోనే ఇస్తుంది. ఉబుంటు భండారంలో ఉన్నదానికన్నా ఫ్లాట్‌హబ్ అనే లైనక్స్ యాప్ స్టోర్‌లోని వెర్షన్ సాధారణంగా కొత్తది. కంప్యూటర్ మొరాయిస్తే ప్రాజెక్టు సెట్టింగ్‌లలో ప్రాక్సీ క్లిప్‌లను ఎంచుకోండి. ఎడిటింగ్ చిన్న నకళ్ల మీద సాగి, చివరి రెండరింగ్ అసలు ఫైళ్లతో జరుగుతుంది. బంధువులు ఫోన్లలో తీసి పంపే క్లిప్‌లలో ఫ్రేమ్‌రేటు (సెకనుకు ఫ్రేముల సంఖ్య) నిలకడగా ఉండదు కనుక, వాటిని చేర్చేటప్పుడు మార్చమంటారా అని కేడెన్‌లైవ్ అడిగితే ఒప్పుకోండి. కాదంటే మాట ఒకచోట, పెదవుల కదలిక మరొకచోట పడే ప్రమాదం ఉంది.