నల్ల కారు మీద దుమ్ము: రోజూ తుడవాలా, డస్టర్ కొనాలా?

మీరు అడిగింది ఇదీ: కొత్త నల్ల కారు, హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ స్టిల్ట్ పార్కింగ్, నీళ్ల ఇబ్బంది వల్ల పది పదిహేను రోజులకోసారే కడగడం కుదురుతోంది, మధ్యలో పొడి గుడ్డతో తుడిస్తే సన్నటి గీతలు కనిపిస్తున్నాయి, డస్టర్ కొంటే సరిపోతుందా అని. కొనండి, కానీ రోజూ వాడకండి. నాదీ ముదురు రంగు కారే, పార్కింగూ అలాంటిదే, కాబట్టి నేను చేసేదే రాస్తున్నా.

మామూలు దుమ్ము బాడీ మీద ఊరికే కూర్చుంటే పెయింట్‌కి ఏమీ కాదండి. మనం దాన్ని గుడ్డ కింద పెట్టి అదిమి లాగినప్పుడే గీత పడుతుంది. పెయింట్ పైన ఉండే క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పొర మామూలుగా 40-50 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు), తల వెంట్రుక మందం కూడా ఉండదు. ఇక మన ఊరి దుమ్ములో ఏముంటుందంటారా, హైదరాబాద్ కూర్చున్నదే గ్రానైట్ రాళ్ల మీద, ఆ గ్రానైట్‌లో ఉండే క్వార్ట్జ్ అనే ఖనిజం గట్టిదనం, 1 నుంచి 10 దాకా కొలిచే మోస్ స్కేల్ మీద 7, అంటే మామూలు చాకు స్టీలు కంటే గట్టిది. పాత బనియన్ గుడ్డయినా, షాపులో అమ్మే పసుపుపచ్చ గుడ్డయినా ఒకటే, గీసేది గుడ్డ కాదు, దాని కింద ఇరుక్కున్న ఇసుక.

అనుమానముంటే రాత్రి పూట పెట్రోల్ బంకులో లైట్ల కింద బానెట్ చూడండి. లైటు ప్రతిబింబం చుట్టూ గుండ్రంగా సాలెగూడు అల్లినట్టు గీతలు కనిపిస్తాయి. నిజానికి అవి గుండ్రంగా ఉండవు, అన్ని దిక్కులకీ ఉంటాయి, వాటిలో లైటుకి అడ్డంగా పడ్డవే మెరుస్తాయి కాబట్టి మన కంటికి వలయంలా కనిపిస్తుంది. తెల్ల కార్లకీ ఇవే గీతలు ఉంటాయి, వాళ్లకి కనపడవు, అంతే తేడా.

అందుకే నా మటుకు మొదటి పని డస్టర్ కొనడం కాదు, పొద్దున్నే కారు తుడిచే మనిషితో మాట్లాడటం. మా దగ్గర ఒకే బకెట్ నీళ్లతో వరసగా బోలెడు కార్లు తుడుస్తారు, అదే గుడ్డ, నాలుగో కారుకి వచ్చేసరికి ఆ నీళ్లు టీ రంగులో ఉంటాయి. బాడీ ముట్టుకోవద్దు, అద్దాలు, టైర్లు, లోపల మ్యాట్లు చెయ్యి చాలు, డబ్బులు మాత్రం అంతే ఇస్తాను అంటే, "తుడవకుంటే నేను పని చేస్తలేననుకుంటరు కద సార్" అన్నాడు. అతని మాటలోనూ న్యాయం ఉంది, పక్క ఫ్లాట్ల వాళ్లు చూస్తే అలాగే అనుకుంటారు. అసోసియేషన్ వాళ్లకి ఒక ముక్క చెప్పి పెట్టాను, గొడవ తీరింది.

ఇక డస్టర్ సంగతి. ఈకల డస్టర్ వద్దు, ఈక మధ్యలో ఉండే గట్టి కాడ గీరుతుంది. మైక్రోఫైబర్ డస్టర్ ఫర్వాలేదు గానీ నాకు నచ్చేది వ్యాక్స్ పట్టించిన నూలు పోగులది, జోపాసు బ్రాండు లాంటివి మన దగ్గర బాగానే దొరుకుతాయి. ఆ జిడ్డే దుమ్ముని పట్టుకుంటుంది, అటూ ఇటూ తోయదు. కొత్తగా తెచ్చినప్పుడు న్యూస్‌పేపర్ మీద ఒక రాత్రి పడుకోబెట్టండి, ఎక్కువైన వ్యాక్స్ కాగితానికి దిగిపోతుంది, లేకపోతే మొదటి రోజే బానెట్ మీద జిడ్డు చారలు పడతాయి. వాడేటప్పుడు చేత్తో అదమొద్దు, ఆ పోగుల బరువు చాలు. రూఫ్ నుంచి మొదలుపెట్టి బానెట్, డిక్కీ, తర్వాత డోర్ల పై భాగం, ఒకే దిక్కుకి తిన్నగా లాగుతూ, ప్రతి ప్యానెల్ తర్వాత కారుకి దూరంగా వెళ్లి గట్టిగా దులపాలి. డోర్ హ్యాండిల్ కింద నుంచి అసలు ముట్టుకోకండి, టైర్లు ఎగజల్లిన మట్టి, తారు, ఇసుక అన్నీ అక్కడే అంటుకుని ఉంటాయి, అది కడిగితేనే పోయేది. ముందు అద్దం మీద కూడా వద్దు, వ్యాక్స్ అంటితే వాన రాత్రి వైపర్ వేసినప్పుడు ఎదుటి బండి లైట్లకి అద్దమంతా మసకబారుతుంది. కింద నేల మీద పడితే మాత్రం ఆ రోజుకి దాన్ని పక్కన పెట్టేయండి, ఇసుక ఏ పోగులో దూరిందో తెలీదు.

డస్టర్ అసలు పనికిరాని రోజులు కూడా ఉన్నాయి, జనం పట్టించుకోనిది ఇదే. చలికాలం బయట పెట్టిన కారు మీద తెల్లారేసరికి మంచు పడి ఉంటుంది, దుమ్ము తడిసి బురదవుతుంది, ఆరేదాకా ముట్టుకోవద్దు. నాలుగు చినుకులు పడి ఎండిన తర్వాత వచ్చే మచ్చలూ అంతే, పొడిగా కనిపిస్తాయి గానీ దుమ్ము అతుక్కుపోయి ఉంటుంది. పక్క సైటులో బోరు వేశారా, ఆ బూడిద రంగు పొడి అచ్చంగా గ్రానైట్ పిండే, దాని మీద డస్టర్ లాగడమంటే పెయింట్‌ని గరుకు కాగితంతో రుద్దినట్టే. సిమెంట్ పొడి అయితే ఇంకా తొందర పడాలి, తేమ తగిలితే గట్టిపడుతుంది, కాబట్టి ఎక్కువ నీళ్లు ధారగా పోసి పంపించేయాలి. విశాఖలో పోర్టు వైపు ఉండేవాళ్లకి బొగ్గు, ఇనుప ఖనిజం ధూళి, విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం దగ్గర థర్మల్ ప్లాంట్ బూడిద, తాండూరు వైపు నాపరాళ్ల పొడి, ఎవరి దుమ్ము వాళ్లది. పొరలా పేరుకున్న దుమ్ముకి ఎక్కడైనా నీళ్లే మందు.

నీళ్లంటే బకెట్లు బకెట్లు అక్కర్లేదు. రిన్స్‌లెస్ వాష్ అని లిక్విడ్‌లు దొరుకుతాయి, కడిగాక మళ్లీ నీళ్లు పోయక్కర్లేని రకం. నేను వాడేది ఆప్టిమమ్ నో రిన్స్, 1:256 పాళ్లలో కలపాలి, అంటే లీటరుకి 4 మిల్లీలీటర్లు, ఒక్క బకెట్‌తో కారంతా అయిపోతుంది. ముందు స్ప్రే బాటిల్‌తో ప్యానెల్ మొత్తం తడిపి ఒక నిమిషం ఆగండి, ఆ జారుడుకి దుమ్ము పెయింట్‌ని వదులుతుంది. తర్వాత అదే నీళ్లలో ముంచిన మెత్తటి మైక్రోఫైబర్ క్లాత్‌ని రెండుసార్లు మడవండి, ఎనిమిది ముఖాలొస్తాయి, ఒక ముఖం మురికైతే ఇంకోటి తిప్పుకోవడం, మురికి క్లాత్‌ని మళ్లీ బకెట్‌లో ముంచకపోవడం. బానెట్ వేడిగా ఉన్నప్పుడు మాత్రం చేయకండి. క్లాత్‌లు ఉతికేటప్పుడు కంఫర్ట్ లాంటి ఫ్యాబ్రిక్ కండిషనర్లు వేయొద్దు, నూలు బట్టలతో కలపొద్దు, పోగులు మూసుకుపోయి దుమ్ముని పట్టుకోవు.

నీళ్ల ఇబ్బంది అన్నారు కదా, చాలామంది ఆర్‌ఓ మెషీన్ బయటకి వదిలే నీళ్లు కారుకి వాడేస్తుంటారు. మంచి ఆలోచనే అనిపిస్తుంది గానీ వాటిలో ఉప్పులు మెషీన్ లోపలికి వెళ్లే నీళ్లకంటే ఎక్కువ, ఆరితే తెల్ల మచ్చలు. దానికి బదులు ఏసీ నుంచి కారే నీళ్లు పట్టండి, వాటిలో ఉప్పులు దాదాపు ఉండవు, ఒక పలచటి గుడ్డతో వడకడితే రిన్స్‌లెస్‌కి చక్కగా పనికొస్తాయి. ఏసీ రాత్రంతా నడిస్తే బాగానే పోగవుతాయి.

పిట్ట రెట్ట పడితే మాత్రం దుమ్ములా వదిలేయకండి, అది క్లియర్ కోట్‌ని తినేస్తుంది. తడి టిష్యూ వేసి కాసేపు నాననిచ్చి పైకి ఎత్తి తీయాలి, రుద్దకూడదు. దసరాకి బండి పూజ చేసినప్పుడు పసుపు, కుంకుమ కూడా పొడిగా తుడవకుండా నీళ్లతోనే తీయండి. కవర్ కొనమని ఎవరో చెప్పే ఉంటారు. దుమ్ము మీద కవర్ వేస్తే గాలికి అది రోజంతా రుద్దుతూనే ఉంటుంది, శుభ్రమైన కారుకైతేనే కవర్.

ఇప్పటికే పడ్డ గీతలకి వెంటనే పాలిష్ చేయించకండి. పాలిష్ అంటే క్లియర్ కోట్‌ని కొన్ని మైక్రాన్లు అరగదీయడమే, తుడిచే పద్ధతి మారకుండా చేయిస్తే ఆర్నెల్లలో మళ్లీ అదే కథ. ముందు పొడి గుడ్డ మానేసి కొన్ని నెలలు చూడండి. పెయింట్ మీద సిరామిక్ కోటింగ్ అనే రక్షణ పొర వేస్తే గీతలే పడవని నాకూ ఒక షాపులో చెప్పారు, నమ్మొద్దు. దానివల్ల దుమ్ము తక్కువ అతుక్కుంటుంది, కడగడం తేలిక, నీళ్లు నిలవవు, అంతవరకు నిజం. కోటింగ్ వేసిన కారుని కూడా పొడి గుడ్డతో రుద్దితే గీతలు పడతాయి.