దవడ వాపుకు స్టెరాయిడ్ మాత్రలా? ముందు బయాప్సీ చేయించండి

ప్రశ్న: మా బాబుకు ఎనిమిదేళ్లు. రెండు నెలలుగా కుడివైపు కింది దవడ వాచింది. పిప్పి పన్నేమోనని పీకించాం, తగ్గలేదు. మందుల షాపులో అడిగి డెక్సామెథసోన్ మాత్రలు వేస్తే వారంలో సగానికి తగ్గి మళ్లీ పెరిగింది. కింది పెదవి తిమ్మిరిగా ఉందంటున్నాడు. స్కాన్‌లో ఎముక కరిగినట్టుందని, ముక్క తీసి పరీక్షించాలని అన్నారు. ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందా? స్కూలు పరీక్షలయ్యేదాకా ఆగవచ్చా?

జవాబు: ఆగకండి. మీరు ఒక్క మాటలో చెప్పి వదిలేసిన ఆ తిమ్మిరే నన్ను ఎక్కువ కలవరపెడుతోంది. కింది పెదవికి స్పర్శనిచ్చే నరం దవడ ఎముక లోపలి నుంచే వస్తుంది. పన్ను తీసినప్పుడు నరం నలిగినా తిమ్మిరి రావచ్చు. కానీ ఎముక కూడా కరుగుతోందంటే గడ్డ ఉందేమో చూడాల్సిందే. బాబును చూడకుండా ఇది క్యాన్సరని గానీ, కాదని గానీ నేను చెప్పలేను. పిల్లల దవడ గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కానివే. అరుదుగా బర్కిట్ లింఫోమా (తెల్ల రక్తకణాల్లో పుట్టే క్యాన్సర్), యూయింగ్ సార్కోమా (ఎక్కువగా ఎముకలో వచ్చే క్యాన్సర్) వంటివి ఉంటాయి. బర్కిట్ గడ్డ ఒకటి రెండు రోజుల్లోనే రెట్టింపు కాగలదు.

ఇక ఆ మాత్రల సంగతి. చీటీ లేకుండా పిల్లాడికి స్టెరాయిడ్ ఎలా వేశారమ్మా? లింఫోమా అయితే స్టెరాయిడ్‌కు గడ్డ తాత్కాలికంగా కరుగుతుంది. తగ్గిందని మీరు ఊరుకుంటారు, లోపల జబ్బు అలాగే ఉంటుంది. పైగా ఆ సమయంలో ముక్క తీస్తే మైక్రోస్కోపు కింద సరైన కణాలు దొరక్క, జబ్బు పేరే తేలకపోవచ్చు. ఏ మాత్ర, ఎన్ని రోజులు వేశారో దాచకుండా డాక్టరుకు చెప్పండి, ఖాళీ స్ట్రిప్పు ఉంటే చూపించండి. ఇప్పటికీ వేస్తుంటే మాత్రం మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపేయకండి, ఈరోజే డాక్టరును అడగండి.

ముక్క తీస్తే పాకుతుందన్న భయంతో బయాప్సీ వాయిదా వేయకండి. జబ్బు పేరు తేలకుండా వైద్యం మొదలుపెట్టలేం. కాకపోతే ఎక్కడ పడితే అక్కడ కాకుండా, తర్వాత ఆపరేషన్ చేయబోయే బృందమే చోటు చూసి తీయడం మంచిది. బర్కిట్‌కు ప్రధాన వైద్యం కీమోథెరపీయే, దవడ తీయాల్సిన పని సాధారణంగా రాదు. యూయింగ్‌కు ముందు కీమో, తర్వాత ఆపరేషన్ లేదా రేడియేషన్, ఒక్కోసారి రెండూ. ఎదిగే వయసులో రేడియేషన్ వల్ల దవడ పెరుగుదల కుంటుపడవచ్చు కాబట్టి అది ఆచితూచి తీసుకునే నిర్ణయం.

ఈ వారంలోనే పిల్లల క్యాన్సర్ విభాగంలో చూపించండి. స్కాన్ ఫిల్మ్‌లు, పన్ను తీసినప్పటి కాగితాలు వెంట తీసుకెళ్లండి. ఊపిరి ఆడకపోయినా, మింగలేకపోయినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.