టెక్ సందేహాలు: మంచు పడని ఊరికి యాంటీఫ్రీజ్ ఎందుకు?

ఈ వారం ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల ప్రశ్నలను పక్కన పెట్టి, కారు రేడియేటర్ మీద వచ్చిన మూడు ప్రశ్నలకే ఈ శీర్షికను కేటాయిస్తున్నాను.

ప్రశ్న (నరసన్నపేట నుంచి): మా కారుకు తొమ్మిదేళ్లు. హైవే మీద ఇచ్ఛాపురం వెళ్లి వచ్చేసరికి టెంపరేచర్ ముల్లు పైకి పోతోంది. ఊరి ట్రాఫిక్‌లో మాత్రం ఏ ఇబ్బందీ లేదు. రేడియేటర్ మార్చాలని మెకానిక్ అంటున్నారు. ఇన్నాళ్లూ ఇంటి బోరు నీళ్లే పోశాను. రేడియేటర్‌లో పోయమని అమ్మే కూలెంట్ డబ్బా మీద ‘యాంటీఫ్రీజ్’ అని ఉంటుంది. మన దగ్గర నీళ్లు గడ్డకట్టవు కదా, అది దండగ ఖర్చు కాదా?

జవాబు: ఆ డబ్బా మీది పేరు చూసే మీరు పొరబడ్డారు. కూలెంట్‌లో ప్రధానంగా ఉండే ఇథిలీన్ గ్లైకాల్ అనే ద్రవాన్ని, నీటిని సగం సగం కలిపితే ఆ ద్రవం మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదన్నది నిజమే, ఆ గుణంతో శ్రీకాకుళం జిల్లాలో మనకు పని లేదన్నదీ నిజమే. అయితే అదే మిశ్రమం 100 డిగ్రీల దగ్గర కాక 107 డిగ్రీలు దాటాక మరుగుతుంది. దానికి తోడు రేడియేటర్ మూత లోపల సుమారు ఒక బార్ ఒత్తిడిని నిలిపి ఉంచుతుంది కాబట్టి, ఆ మరుగు స్థానం ఇంకో ఇరవై డిగ్రీలు పైకి జరుగుతుంది. మే నెల మధ్యాహ్నం ఏసీ వేసుకుని నడిపే కారుకు ఈ వెసులుబాటు చిన్నదేమీ కాదు.

ఇంతకంటే ముఖ్యమైనది ఆ డబ్బాలో కొద్ది శాతం మాత్రమే ఉండే తుప్పు నిరోధకాలు. ఒకప్పుడు రేడియేటర్లను రాగి, ఇత్తడితో చేసి టంకం పెట్టేవారు. ఇప్పటివాటికి లోపలి కోర్ అల్యూమినియం, రెండు వైపులా ఉండే ట్యాంకులు నైలాన్ ప్లాస్టిక్. నీరు పారే అల్యూమినియం గొట్టాల గోడ మందం అర మిల్లీమీటరు కూడా ఉండదు. బోరు నీటిలోని క్లోరైడ్లు ఆ పలుచని గోడకు సూదిమొనలంత గుంటలు పెడతాయి. కాల్షియం, బైకార్బనేట్లేమో వేడి తగిలిన చోటల్లా సున్నంగా మారి అతుక్కుంటాయి. మీ ఇంటి గీజర్ కాయిల్‌ను ఒకసారి విప్పి చూస్తే, తొమ్మిదేళ్లుగా ఇంజిన్‌లో ఏం జరుగుతూ వచ్చిందో తెలుస్తుంది. వేడి వల్ల పోయే రేడియేటర్ల కంటే నీటి వల్ల పోయే రేడియేటర్లే ఎక్కువని నా అభిప్రాయం.

మీరు చెప్పిన లక్షణం కూడా అటే చూపిస్తోంది. బండి నిలిచి ఉన్నప్పుడు మాత్రమే వేడెక్కితే అనుమానం ఫ్యాన్ మీదికి పోతుంది. గాలి బాగా తగిలే హైవే వేగంలో వేడెక్కుతోందంటే, లోపల నీరు తగినంతగా పారడం లేదనో, రేడియేటర్ వేడిని వదలలేకపోతోందనో అర్థం. కాబట్టి మీ మెకానిక్ మాటను కొట్టిపారేయలేము. అయినా డబ్బు పెట్టే ముందు రెండు పనులు చేయించండి. ఇంజిన్ వేడెక్కాక రేడియేటర్‌కు నీటి దారి తెరిచే థర్మోస్టాట్ సరిగా తెరుచుకుంటున్నదో లేదో చూడమనండి, రేడియేటర్ ముందు భాగంలో ఇరుక్కున్న పురుగులను, మట్టిని కడిగించండి. చాలా కార్లలో టెంపరేచర్ ముల్లు కొంత మేర వేడి పెరిగినా మధ్యలోనే నిలిచి ఉండేలా అమర్చి ఉంటుంది కనుక, స్టీరింగ్ కింద, మెకానిక్‌లు కారు కంప్యూటర్‌లోని సమాచారం చదివే ఓబీడీ సాకెట్‌కు చిన్న బ్లూటూత్ రీడర్ తగిలించి, ఫోన్‌లో అసలు అంకె చూసుకోవడం మేలు.

రేడియేటర్ మార్చినా, శుభ్రం చేయించినా, మళ్లీ బోరు నీరు మాత్రం పోయవద్దు. పాత బండికి కూలెంట్ పోయగానే ఎక్కడో కారడం మొదలైందని, కాబట్టి కూలెంటే చెడ్డదని కొందరు చెబుతుంటారు. అప్పటికే పడిన చిల్లిని అంతవరకు సున్నం మూసి ఉంచిందన్న సంగతి వారు గమనించరు.

ప్రశ్న (బొబ్బిలి నుంచి): దుకాణంలో ఆకుపచ్చ, గులాబీ, నీలం రంగుల్లో కూలెంట్లు ఉన్నాయి. ఏది మంచిది? ఉన్నదానిలో ఇంకో రంగుది కలపవచ్చా?

జవాబు: రంగు కేవలం అద్దకం. దానికి అందరూ పాటించే నియమమేదీ లేదు. ఒక కంపెనీ ఆకుపచ్చ, ఇంకో కంపెనీ ఆకుపచ్చ పూర్తిగా వేరు రకాలు కావచ్చు. చూడవలసింది లోపలి నిరోధకం. పాత పద్ధతి కూలెంట్లు సుమారు రెండేళ్లకు శక్తి కోల్పోతాయి. సేంద్రియ ఆమ్లాలతో చేసినవి సాధారణంగా ఐదేళ్లు నిలుస్తాయి.

ఈ రెండో రకంలోనూ, ఆమ్లాలకు తోడుగా కలిపే నిరోధకం విషయంలో ఒక ఆసక్తికరమైన చీలిక ఉంది. యూరప్ కంపెనీలు తమ కఠిన జలంలో ఫాస్ఫేటు సున్నంలా పేరుకుంటుందని దానిని మానుకుని సిలికేటు వైపు వెళ్లాయి. జపాన్ కంపెనీలేమో సిలికేటు వాటర్ పంపు సీళ్లను అరగదీస్తుందని ఫాస్ఫేటును ఎంచుకున్నాయి. మన రోడ్ల మీద ఎక్కువగా తిరిగేవి జపాన్, కొరియా మూలాలున్న కార్లే. ఫాస్ఫేటు ఉన్న కూలెంట్‌ను బోరు నీటితో పలుచన చేస్తే, ఏ సున్నాన్ని తప్పించుకోవాలని కొన్నామో ఆ సున్నాన్నే చేతులారా తయారు చేసుకున్నట్టు అవుతుంది. కారుతో ఇచ్చిన పుస్తకంలో ఏ రకం రాసి ఉంటే అదే, వీలైతే ముందుగానే నీరు కలిపి అమ్మేది కొనండి. చిక్కటిది కొంటే డిస్టిల్డ్ వాటర్ కలపండి. ఆర్వో క్యాన్ నీరు దానికి సమానం కాదు.

రెండు రకాలు కలిసినంత మాత్రాన ఇంజిన్ ఆ క్షణమే పాడైపోదు, కానీ కూలెంట్ ఆయుష్షు తగ్గుతుంది. నా మొదటి కారులో ఒక వర్క్‌షాపువారు గులాబీ రంగులో ఆకుపచ్చ కలిపితే, ఏడాది తిరిగేసరికి రిజర్వాయర్‌లో టీ డికాక్షన్ రంగు నీరు మిగిలింది. మొత్తం ఖాళీ చేయించి, మూడుసార్లు కడిగిస్తే గాని అది వదలలేదు.

ప్రశ్న (భోగాపురం నుంచి): సముద్రానికి దగ్గరలో ఉంటాం. రేడియేటర్ రెక్కలు తెల్లగా పొడి రాలుతున్నాయి. ఎస్.కోట మీదుగా అరకు ఘాట్ ఎక్కేటప్పుడు బండి వేడెక్కుతోంది. థర్మోస్టాట్ తీసేస్తే సరిపోతుందని ఒకరు చెప్పారు. ఇంట్లో ఏసీ నుంచి కారే నీరు పోయవచ్చా?

జవాబు: ఆ తెల్లని పొడి అల్యూమినియం తుప్పు, ఉప్పు గాలి చేసిన పని. లోపల పోసే కూలెంట్ బయటి రెక్కలను కాపాడలేదు. నెలకొకసారి మామూలు పైపుతో, ఇంజిన్ వైపు నుంచి బయటికి నీరు పారేలా కడగండి. ప్రెషర్ వాష్ కొడితే రెక్కలు వంగి గాలి దారి మూసుకుపోతుంది. ముట్టుకుంటే రెక్కలు విరిగిపడే స్థితి వచ్చి ఉంటే మాత్రం కడిగి లాభం లేదు, మార్చవలసిందే.

థర్మోస్టాట్ తీయించవద్దు. అది లేకపోతే ఇంజిన్ చేరవలసిన వేడికి ఆలస్యంగా చేరుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, అసలు లోపం అలాగే దాగి ఉంటుంది. ఏసీ నీరు బోరు నీటికంటే నయమే, కానీ అది దుమ్మును, లోహాన్ని తాకి వస్తుంది. డిస్టిల్డ్ వాటర్ డబ్బా పెట్రోలు బంకులోనే దొరుకుతుండగా ఆ తిప్పలు అనవసరం.

ఘాట్‌లో ముల్లు పైకి పోతుంటే ఏసీ ఆపి, హీటర్‌ను పూర్తి వేడిమీద పెట్టి, ఫ్యాన్ గట్టిగా తిప్పండి. ఉక్కగానే ఉంటుంది గాని, హీటర్ కూడా ఒక చిన్న రేడియేటరే. అయినా తగ్గకపోతే వీలున్న చోట ఆపి ఇంజిన్ కట్టేయండి. అరగంటకు పైగా ఆగి, పై హోస్ పైపు చేతికి చల్లగా తగిలిన తరువాతే మూత తీయండి. ఒత్తిడి మీద ఉన్న మూత తీస్తే మరిగే ద్రవం ముఖం మీదికి చిమ్ముతుంది. దగ్గర ఏమీ లేకపోతే తాగే నీళ్ల సీసానే పోసి కొండ దిగండి. ఇంటికి చేరాక దాన్ని ఖాళీ చేయించి, సరైన కూలెంట్ పోయించండి.