పన్నెండేళ్ళు దేవుణ్ణి పట్టించుకోకుండా ఉండి, కష్టం రాగానే దణ్ణం పెట్టుకుంటే అది స్వార్థం కాదా?

మీ ప్రశ్న చదివి రెండు రోజులు ఊరుకున్నాను. నాన్నగారు ఐసీయూలో ఉన్నారు, పన్నెండేళ్ళ తర్వాత మొన్న రాత్రి దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను, పెట్టుకున్నాక సిగ్గేసింది, ఇది బేరమే కదా అని రాశారు. మీకు జవాబు చెప్పేంత భక్తుణ్ణి కాను. ఆ సిగ్గు మాత్రం నాకు బాగా తెలుసు కాబట్టి నా సంగతి చెబుతాను.

మా నాన్న 2004లో పోయారు. కాలేయం జబ్బు. మంచాన పడ్డ ఆ నాలుగు నెలలూ నేను చేయని పూజ లేదు. మంగళవారం ఆంజనేయస్వామికి నూట ఎనిమిది ప్రదక్షిణలు, శనివారం ఉపవాసం, ఎవరేది చెబితే అది. కర్మకాండ అంతా అయ్యాక ఎవరికీ చెప్పకుండా ఒకటి అనుకున్నాను: ఇక చాలు. నాస్తికుణ్ణని చెప్పుకోలేదు, ఇంట్లో గొడవ చేయలేదు. మా ఆవిడ హారతి పళ్ళెం తెస్తే కళ్ళకద్దుకునేవాణ్ణి. పండక్కి కొత్త బట్టలకు పసుపు పెట్టి ఇస్తే కట్టుకునేవాణ్ణి. లోపల మాత్రం మాటల్లేవు. పొలం గట్టు దగ్గర తగాదా పడ్డ అన్నదమ్ములు ఒకే వీధిలో ఉంటూ ఒకరినొకరు పలకరించుకోకుండా బతికేస్తారు చూడండి, అలా పదమూడేళ్ళు గడిచాయి.

2017 సెప్టెంబరులో మా పాపకు జ్వరం వచ్చింది. తొమ్మిదేళ్ళ పిల్ల. నాలుగో రోజు రక్తపరీక్షలో డెంగీ అని తేలింది. లక్షన్నరకు పైగా ఉండాల్సిన ప్లేట్‌లెట్లు అరవై రెండు వేలున్నాయి. ఐదో రోజు పొద్దున జ్వరం దిగిపోయింది. ఇడ్లీ కావాలని అడిగింది. గండం గడిచిందని మా ఆవిడ ఫోన్లో వాళ్ళమ్మతో చెబుతుంటే నేనూ విన్నాను. మాకు తెలియనిది ఏమిటంటే, డెంగీలో అసలు ప్రమాదం మొదలయ్యేది సరిగ్గా అప్పుడే. జ్వరం తగ్గాక ఒకటి రెండు రోజులు రక్తనాళాల్లోంచి నీరు బయటికి ఊరిపోతుంది, రక్తం చిక్కబడుతుంది, బీపీ పడిపోతుంది. మధ్యాహ్నానికి పిల్లకు కడుపునొప్పి, వాంతులు. కాళ్ళూ చేతులూ చల్లబడ్డాయి. విజయవాడలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి సాయంత్రం ఆరయింది. ఇది చదివేవాళ్ళలో చిన్న పిల్లలున్నవాళ్ళు ఎవరైనా ఉంటే ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి, నా భక్తి కథ మరిచిపోయినా ఫరవాలేదు.

రాత్రి తొమ్మిదికి ప్లేట్‌లెట్లు పద్నాలుగు వేలకు దిగాయి. ముక్కులోంచి రక్తం. పాపది బి నెగటివ్. డాక్టరుగారు నెమ్మదస్తుడు. "అంకె చూసి భయపడకండి, నేను చూస్తున్నది బీపీనీ మూత్రాన్నీ. అయినా రక్తం కారుతోంది కాబట్టి దాతను వెతికి ఉంచండి" అన్నారు. తెలిసిన ప్రతి గ్రూపులోనూ మెసేజ్ పెట్టాను. నా ఫోన్లో ఉన్న నంబర్లన్నీ అయిపోయాయి. లోపల పిల్ల దగ్గర ఒక్కరినే ఉండనిస్తారు, మా ఆవిడ ఉంది. చేయడానికి ఇంకేమీ మిగల్లేదు. అప్పుడు వెళ్ళి మెట్ల మలుపులో నిలబడ్డాను.

ఆ చోటు ఇప్పటికీ కళ్ళకు కడుతుంది. ట్యూబులైటు ఒకటి మినుకుమినుకుమంటోంది. గోడకు ఎర్రటి మంటలార్పే సిలిండరు. దేవుడి పటం లాంటిదేదీ లేదు. ఆ సిలిండరు వైపే తిరిగి చేతులు జోడించాను. చిన్నప్పుడు నాన్న నేర్పిన ఆంజనేయ దండకం నోటికి వచ్చింది. శ్రీ ఆంజనేయం ప్రసన్నాంజనేయం అని మొదలుపెట్టి నాలుగైదు పాదాలు గడగడా చదివాను. అక్కడ ఆగిపోయింది. తర్వాతి మాట రాలేదు. మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాను, మళ్ళీ అక్కడే ఆగింది. మూడోసారి కూడా అంతే. ఒకప్పుడు నిద్రలో అడిగినా చెప్పేవాణ్ణి. పదమూడేళ్ళు పలకని నాలుక అది. మీరు రాసిన సిగ్గు నన్ను అక్కడే పట్టుకుంది. చదువు మానేసినవాడు పరీక్ష గదిలోకి వచ్చి కూర్చున్నట్టుంది. చివరికి దండకం వదిలేసి నా మాటల్లోనే అడిగాను. "నాతో మాట్లాడకపోయినా ఫరవాలేదు. పిల్లను చూడు." అంతకన్నా ఏమీ అనలేదు. ఏడుపు కూడా రాలేదు.

కిందికి దిగేసరికి ఊరి నుంచి అమ్మ ఫోను. "ఒరే, వెంకన్నకు ముడుపు కట్టు. నేనిక్కడ కట్టగలను గానీ తండ్రివి, నీ చేత్తో కట్టాలి." తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను: తెల్లటి గుడ్డను పసుపు నీళ్ళలో ముంచి, అందులో రూపాయి పావలా పెట్టి, కోరిక చెప్పుకుని మూడు ముళ్ళు వేస్తారు. గండం గడిచాక కొండకు తీసుకెళ్ళి హుండీలో వేస్తారు. ఆపద మొక్కులవాడని ఆయనకు పేరు. మామూలు రోజుల్లో అయితే అమ్మతో వాదించేవాణ్ణి. ఆ రాత్రి "సరే అమ్మా" అన్నాను. నా జేబురుమాలు తెల్లదే. క్యాంటీను అబ్బాయిని అడిగితే కాగితంలో చిటికెడు పసుపు పొట్లం కట్టి ఇచ్చాడు. కుళాయి కింద రుమాలు తడిపి పసుపు పులిమాను. రూపాయి ఉంది. పావలా లేదు. "పావలా ఎక్కడిదండీ ఇప్పుడు?" అని ఆ అబ్బాయి నవ్వాడు. నిజమే, 2011 జూన్ 30తోనే పావలా చెల్లకుండా పోయింది. ఇంకో రూపాయి వేస్తే సరిపోతుందని నాకూ తెలుసు. కానీ ఆ సమయంలో మనిషికి బుద్ధి ఎక్కడుంటుంది? పావలా దొరకకపోతే పిల్ల దక్కదన్నంత దిగులు పట్టుకుంది.

వరండాలో చాప మీద ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. రేపల్లె దగ్గర పల్లెటూరు. ఆరేళ్ళ మనవణ్ణి అదే జబ్బుతో సాయంత్రమే తెచ్చారు. బైబిలు ఒళ్ళో పెట్టుకుని, ప్రతి మాట కిందా వేలు కదుపుతూ, కూడబలుక్కుంటూ చదువుకుంటోంది. "అగాధ స్థలములలో నుండి" అన్న ముక్క నా చెవిన పడింది. అది 130వ కీర్తన అని తర్వాత తెలిసింది. నేను క్యాంటీను దగ్గర పడుతున్న అవస్థ ఆవిడ చూస్తూనే ఉందట. "ఏం కావాలి బాబూ?" అంది. చెప్పాను. పుస్తకం మూసి పక్కన పెట్టి, బొడ్డుసంచి విప్పి, అందులో మడతలు పెట్టిన కాగితాల అడుగు నుంచి ఒక పావలా తీసింది. నల్లబడిపోయి ఉంది. "ఎప్పటిదో, ఉండిపోయింది. మాకు ముడుపుల్లేవు గానీ బిడ్డ బిడ్డే కదా, తీసుకో" అంది. అక్కడే, ఆవిడ చాప మీదే కూర్చుని ముడుపు కట్టాను. రెండో ముడి జారిపోతుంటే ఆవిడే వేలు అదిమి పట్టుకుంది.

ఒంటిగంటకు గుడివాడ నుంచి డిగ్రీ చదివే కుర్రాడొకడు మోటారు సైకిలు మీద వచ్చాడు. బి నెగటివ్. యంత్రం దగ్గర గంటన్నర పడుకుని ప్లేట్‌లెట్లు ఇచ్చి, ఒక బిస్కెట్ల పొట్లం తిని, తెల్లారితే పరీక్ష ఉందంటూ వెళ్ళిపోయాడు. దేవుడు పంపాడా, వాట్సాప్ పంపిందా అని మా బావమరిది ఇప్పటికీ నన్ను ఆటపట్టిస్తాడు. మర్నాడు పొద్దున డాక్టరుగారు "మూత్రం బాగా వస్తోంది, బీపీ నిలబడింది" అన్నారు. మూడో రోజుకు ప్లేట్‌లెట్లు నలభై రెండు వేలు. ఆరో రోజు ఇంటికి తెచ్చుకున్నాం.

ఆవిడ మనవడు ఆ తెల్లవారుజామునే పోయాడు.

తెచ్చేసరికే ఒళ్ళు చల్లబడి, నాడి దొరకని స్థితిలో ఉన్నాడట. ఆ సంగతి నేను కాఫీ తీసుకుని పైకి వస్తుంటే తెలిసింది. ఆవిడ చాప చుట్టి, బైబిలును ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని, మెట్ల దగ్గర నిలబడి ఉంది. నన్ను చూసి "పాపకెలా ఉంది?" అని అడిగింది. "బాగుందండీ" అన్నాను. ఆ మాట అన్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. ఇంకో మాట రాలేదు. నా చొక్కా జేబులో ఆవిడ పావలా ఉంది.

అందుకే, దేవుడు నా మొర విన్నాడని నేను ఎక్కడా చెప్పను. అలా చెబితే ఆవిడ మొర వినలేదని కూడా చెప్పాలి. పదమూడేళ్ళు మొహం తిప్పుకున్నవాడి మాట విని, వేలు కదుపుతూ రోజూ చదువుకునే ముసలామె మాట తోసేశాడంటే ఆ దేవుడు నాకక్కర్లేదు. ఇలాంటి లెక్క వేసే కదా 2004లో నేను ఆయనతో మాటలు మానేసింది! ఆ రాత్రి నేను తిరిగి పలకరించాను, అంతవరకే నాకు తెలుసు. పిల్ల బతికింది. ఈ రెండింటినీ ముడిపెట్టడం మానేశాక నాకు కాస్త ఊపిరాడింది.

ఇక స్వార్థం మాట. మనవాళ్ళకు ఇది కొత్త సంగతేమీ కాదు, "ఆపద మొక్కులు, సంపద మరపులు" అని సామెతే ఉంది. అందరూ అలాంటివాళ్ళే కాబట్టే సామెత పుట్టింది. గీత ఏడో అధ్యాయంలో తనను కొలిచేవాళ్ళు నాలుగు రకాలని కృష్ణుడు చెబుతూ ఆర్తుణ్ణి, అంటే కష్టంలో ఉన్నవాణ్ణి, మొదట లెక్కపెట్టాడు. జ్ఞాని తనకు మిక్కిలి ఇష్టుడంటూనే నలుగురూ ఉదారులేనన్నాడు. గజేంద్రుడి కథ చూడండి. మడుగులోకి దిగింది జలక్రీడకు, భక్తితో కాదు. మొసలి పట్టాక వెయ్యేళ్ళు తన బలంతోనే లాగాడు. ఒంట్లో శక్తి, వెనక ఉన్న మంద, ఏదీ పనికిరాదని తేలాకే పిలిచాడు. అదీ నిస్సందేహంగా కాదు, పోతన ఆ ఏనుగు చేత "కలడో లేడో" అనిపించాడు. వచ్చినవాడు "ఇన్నాళ్ళూ ఏమయ్యావు?" అని అడగలేదు. ఆ పద్యాలు చిన్నప్పుడు బడిలో అప్పజెప్పినవే. నలభై దాటాక గానీ నాకు ఆ అనుమానం దగ్గర కాలు ఆగలేదు.

మీరు బేరం అన్నారు. బేరమే అనుకోండి, అయితే ఏమిటి? నేను కట్టిన ముడుపు అచ్చంగా బేరం. రూపాయి పావలాకు పిల్ల ప్రాణం అడిగాను, ఇంతకన్నా చవక బేరం ఎక్కడుంది? నాన్నగారి కోసం అడగాలనిపించినంత కాలం అడగండి. మంత్రాలు మరిచిపోతే మీ మాటల్లో అడగండి. తిట్టాలనిపిస్తే తిట్టండి. గోల్కొండ చెరలో రామదాసు రాముణ్ణి ఎవడబ్బ సొమ్మని అడిగితే, మూడున్నర శతాబ్దాల తర్వాత కూడా మనం దాన్ని భక్తి అనే పాడుకుంటున్నాం. ఒక్క పని మాత్రం చేయకండి: ఫలానా పూజ చేస్తే తప్పకుండా బాగవుతారని ఐసీయూ బయట మీ ఫోను నంబరు అడిగే మనుషులుంటారు, వాళ్ళకు ఒక్క రూపాయి ఇవ్వకండి. డాక్టరు చెప్పింది రాసుకుని పెట్టుకోండి, వేళకు అన్నం తినండి.

మా ముడుపు సంగతి. రెండేళ్ళకు పైగా అది మా దేవుడి గూట్లో, కుంకుమ భరిణె వెనక ఉండిపోయింది. అమ్మ నెలకోసారి గుర్తుచేసేది. సెలవు లేదు, టికెట్లు దొరకలేదు, పరీక్షలు అని వాయిదా వేసేవాణ్ణి. అసలు కారణం ఆ పావలా. అది హుండీలో వేస్తే ఆవిడకు నేను పడ్డ బాకీ మరెవరికో తీర్చినట్టవుతుందేమో అనిపించేది. రేపల్లె వైపు పనిమీద వెళ్ళినప్పుడు రెండుసార్లు వెతుకుదామనుకున్నాను. ఏ ఊరని వెతకాలి?

చివరికి 2019 డిసెంబరులో వెళ్ళాం. అలిపిరి నుంచి నడక, సుమారు 3,550 మెట్లు. గాలిగోపురం దాకా పాప నాకన్నా ముందే ఎక్కింది. ఏడో మైలు దగ్గర ప్రసన్నాంజనేయుడి పెద్ద విగ్రహం ముందు నిలబడి దండకం ఎత్తుకున్నాను. సరిగ్గా అదే చోట ఆగిపోయింది. ఈసారి నవ్వొచ్చింది. కొండ మీద ఇంకో పేచీ: మనవరాలి తలనీలాలు ఇస్తానని అమ్మ మొక్కిందట, "మొక్కు నాన్నమ్మది, జుట్టు నాది" అని ఇది మొరాయించింది. మూడు కత్తెరలతో రాజీ కుదిరింది, గుండు నేను చేయించుకున్నాను.

దర్శనమయ్యాక హుండీ దగ్గర వరుసలో ముడుపు చేతిలో పట్టుకుని నిలబడ్డాను. రెండేళ్ళకు పసుపు వెలిసిపోయి, మళ్ళీ పాత జేబురుమాలులాగే కనిపిస్తోంది. "అందులో ఎంతుంది నాన్నా?" అంది పాప. "రూపాయి పావలా." "పావలా అంటే?" వెనక నుంచి తోస్తున్నారు. బయటికెళ్ళాక చెబుతానన్నాను. ముడుపు వదిలేశాను.

పుష్కరిణి మెట్ల మీద కూర్చుని చెప్పాను. పావలా దగ్గర మొదలుపెడితే అది చాప దాకా, బొడ్డుసంచి దాకా వెళ్ళింది. రెండో ముడి దగ్గర వేలు అదిమి పట్టుకున్న సంగతి కూడా చెప్పాను. లడ్డూ తినడం ఆపేసి విన్నది. ఆవిడ మనవడి పేరేమిటని అడిగింది.

నేను ఆ రాత్రి అడగనే లేదు.